అయిదు మీద కొసరు

మాల్సున్ చేతికి పది లెక్కపెట్టడం రాదు. చదువు రాక కాదు, ఆ చెయ్యి తీరే అంత. కొరియాలోని దెగు నగరంలో కొండకింది బజారులో ముప్ఫై నాలుగేళ్ళుగా బియ్యప్పిండి బిళ్ళలు ఆవిరి మీద ఉడికించి అమ్ముతోంది. పది అడిగినవాళ్ళకు పదీ నోరారా లెక్కపెట్టి పొట్లంలో వేస్తుంది. ఆ తర్వాత చెయ్యి ఆమెను అడక్కుండానే మళ్ళీ పళ్ళెంలోకి వెళ్ళి పదకొండోది తెస్తుంది. మొహం నచ్చితే పన్నెండోది కూడా తెస్తుంది. ఎన్ని ఇచ్చావని అడిగితే పది అంటుంది. అది అబద్ధం కాదు. ఆమె లెక్కలో కొసరు లెక్కలోకి రాదు.

అయితే ఇంకొక్కటి వెయ్యవమ్మా అని నోరు తెరిచి అడిగినవాళ్ళకు మాత్రం కచ్చితంగా పదే. కొసరు అడిగి పుచ్చుకునేది కాదని, అవతలివాళ్ళకు బుద్ధిపుట్టి ఇచ్చేదని ఆమె సిద్ధాంతం. ఈ విషయంలో గుడి సన్యాసులకు కూడా మినహాయింపు లేదు.

ఎదురు కొట్టు హ్వాజాది. ఎండు నెత్తళ్ళు అమ్ముతుంది. ఆమె చేతికీ పది రాదు గానీ అది అటువైపు. డబ్బాతో కొలిచేటప్పుడు నెత్తళ్ళను కాస్త ఎత్తునుంచి జారవిడుస్తుంది. అవి ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడి, డబ్బా నిండినట్టే ఉంటుంది, లోపల సగం గాలే. గాలిని కూడా తూచి అమ్మగల మనిషి. వయసులో మాల్సున్‌కంటే మూడు నెలలు పెద్ద. ఆ మూడు నెలల పుణ్యమా అని ముప్ఫై ఏళ్ళుగా అక్కా అని పిలిపించుకుంటోంది. ఒకరికొకరు ప్రాణం. ఆ మాట ఇద్దరిలో ఎవరితోనైనా అనండి, కొట్టడానికి వస్తారు.

రెండేళ్ళకోసారి సర్కారువాళ్ళు చేసే ఉచిత పరీక్షకు జూన్‌లో ఇద్దరూ పరగడుపున కలిసే వెళ్ళారు. ఫలితాలు కూడా ఒకేరోజు వచ్చాయి. మూడు నెలల సగటు చక్కెర మాల్సున్‌కు ఏడు పాయింటు రెండు, హ్వాజాకు ఏడు పాయింటు ఒకటి. ఆరున్నర చేరితే షుగరు జబ్బు కిందే లెక్క అని డాక్టరు చెప్పాడు. మందులకు ముందు మూడు నెలలు గడువిస్తాను, బరువులెత్తండి, అన్నం తగ్గించండి, అప్పటికీ దిగకపోతే మాత్రలు రాస్తాను అన్నాడు. తనకు పాయింటు ఒకటి తక్కువ వచ్చిందని హ్వాజా మెట్లు దిగేదాకా మురిసిపోతూనే ఉంది.

మాల్సున్‌కు మురిపెమూ లేదు, నవ్వూ రాలేదు. ఆమె భర్త ఛోల్‌గుకు కూడా ఇలాగే ఏడు పాయింటు ఎంతోతో మొదలైంది. ఏమవుతుందిలే అని ఆయన పిండి రుచి చూస్తూనే ఉన్నాడు. కొన్నేళ్ళకు ఎడమకాలి చిటికెనవేలు తీసేశారు. మరుసటేడు దాని పక్కది, ఆ పైయేడు ఇంకొకటి. మనిషి పోయి తొమ్మిదేళ్ళవుతోంది. గుమ్మం దగ్గర ఆయన బూట్లు ఇంకా అలాగే ఉన్నాయి. ఎడమదాని ముందుభాగంలో గుడ్డ కుక్కి ఉంటుంది. అది కుక్కింది మాల్సునే. ఫలితాలు వచ్చిన రోజు మాల్సున్ ఇంటికొచ్చి తన చెప్పులు విప్పుతూ, పది వేళ్ళూ ఒక్కొక్కటే చూసుకుంది. చాలా భయం వేసింది.

భయపడిన మనిషి ఇంకో మనిషి ముందు నిలబడితే బేరం తెగడం ఎంతసేపు? ఆ ఇంకో మనిషి ఆమె కూతురు సొల్‌హీ. ముప్ఫై ఆరేళ్ళది. తినుబండారాల కంపెనీలో తూకాలు సరిచూసే ఉద్యోగం పదేళ్ళు చేసి, వసంతంలో మానేసి తల్లి కొట్టుకు వచ్చింది. వచ్చిన మొదటిరోజే గ్రాములు చూపించే తూకం మిషను ఒకటి తెచ్చింది. ఇకమీదట అన్నీ తూచి, పెట్టెలో పెట్టి, మూత అతికించి అమ్ముదామంది. మరి కొసరో అని తల్లి అడిగింది. కొసరు ఎన్ని గ్రాములో చెబితే అదీ కలిపి తూస్తానంది కూతురు. మాల్సున్ ఆ మిషనును పిండి బస్తా వెనక దాచేసింది.

ఇప్పుడు పరీక్ష కాగితం చూసి సొల్‌హీ గట్టిగా పట్టింది. రోజుకు పద్నాలుగు వాయిలు, వాయికో చెంచా తీపి రుచి, ఇక షుగరు రాక ఏమొస్తుందంది. మూడు నెలలకు, చుసొక్ పంటల పండగ ముందు, మళ్ళీ పరీక్ష చేయించాలి. ఆరున్నర లోపుకు వస్తే సరే. రాకపోతే రుచి చూసే కర్రచెంచా తనకిచ్చేసి అమ్మ ఇంట్లో కూర్చోవాలి. మాల్సున్ సరేనంది. అక్కడితో ఆగొచ్చు కదా, చెంచాయే కాదు, ఏప్రను కూడా విప్పి ఇచ్చేస్తానంది. మాట ఇవ్వడంలోనూ కొసరు వేసింది మహాతల్లి. అప్పటిదాకా రుచి చూడ్డానికి కూతురు ఆమెకు దగ్గుమందు సీసాతో వచ్చే బుల్లి చెంచా ఇచ్చింది.

బజారు చివర మందుల షాపు పైన, మూడో అంతస్తులో ప్యో మాస్టారి జిమ్ము. చేరినవాళ్ళకు నారింజరంగు చొక్కా, నిక్కరు అక్కడే ఇస్తారు. వాటిలో మాల్సున్ తనను తాను అద్దంలో చూసుకుని, జైల్లో వేసినట్టుందంది. ఇంట్లో ఉతుక్కోవలసిన పని లేదని హ్వాజాకు మాత్రం ఆ ఏర్పాటు పరమానందంగా ఉంది. తువ్వాళ్ళు మనిషికొకటి అని రాసి ఉన్నచోట నిలబడి రెండు తీసుకుంది.

ప్యో మాస్టారు ఒకప్పుడు జిల్లా తరఫున బరువులెత్తి కంచు పతకం తెచ్చిన మనిషి. మెడ ఎక్కడ మొదలవుతుందో ఎవరికీ తెలియదు. ఆయన దగ్గర బాంగ్ అని ఇరవై ఎనిమిదేళ్ళ ట్రైనరు పనిచేస్తున్నాడు, కండరాల మీద విశ్వవిద్యాలయంలో చదువుకున్నవాడు. అందరూ బాంగ్ సార్ అంటారు. జబ్బు విషయం చెప్పగానే అతను అంతా వివరించాడు. తిన్న చక్కెర రక్తంలోంచి కండరంలోకి వెళ్ళాలి. ఇన్సులిన్ వెళ్ళి తలుపు తడుతుంది. పని లేని కండరానికి చెవుడు, తట్టినా వినపడదు. బరువులెత్తే కండరానికి చిన్నగా తట్టినా వినపడుతుంది. మా ఆయనకూ అంతే, టీవీ ముందు కూర్చుంటే ఎంత పిలిచినా వినపడదు అని హ్వాజా అర్థం చేసుకుంది.

చెవుడు పోవాలంటే ఎంత బరువు, ఎన్నిసార్లు? తగువంతా అక్కడే. కండరం బాగా ఉలిక్కిపడితేనే మేలుకుంటుంది, పెద్ద బరువు పెట్టి అయిదేసి సార్లు చాలని మాస్టారి వాదం. కాదు, తేలిక బరువుతో ఇరవయ్యేసి సార్లు చేస్తే కండరం ఎక్కువసేపు పనిచేసి ఎక్కువ చక్కెర తింటుందని బాంగ్ సార్ వాదం. ఇద్దరూ ఇద్దరు ముసలమ్మల ముందు పావుగంట వాదించుకున్నారు. చివరికి మాస్టారే తీర్పు చెప్పాడు. మాల్సున్‌ను తాను తీసుకుంటాడు, అయిదు. హ్వాజాను బాంగ్ తీసుకుంటాడు, ఇరవై. మూడు నెలల తర్వాత రక్తమే చెబుతుంది. గోడమీద బోర్డుకు మధ్యన గీత గీసి, ఒక పక్క అయిదు అని, ఇంకో పక్క ఇరవై అని రాశాడు. సాయంత్రానికి బజారంతా రెండు జట్లయింది. ఓడిన జట్టు గెలిచిన జట్టుకు చల్లటి నూడుల్సు పెట్టాలని ఒప్పందం.

సరే, కాళ్ళతో బరువును నెట్టే మిషను మీద మాల్సున్ వెనక్కి వాలి కూర్చుంది. మాస్టారు ఒకటి, రెండు అని లెక్కపెట్టి, అయిదు అనగానే చాలని అటు తిరిగాడు. ఇటు తిరిగేసరికి ఆమె ఇంకా నెడుతూనే ఉంది.

"అక్కగారూ, అయిదయ్యాయి. ఆపెయ్యండి."

"అయిదే చేశాను కదయ్యా."

"మరి ఇప్పుడు చేస్తున్నవేంటి?"

"ఇవా? ఇవి కొసరు."

మాస్టారు ఓపిగ్గా చెప్పాడు. ఇది శాస్త్రం, ఇక్కడ కొసరు ఉండదు, అయిదంటే అయిదే అన్నాడు. మాల్సున్ బుద్ధిగా తల ఊపింది. మర్నాడు అతను చూస్తున్నంతసేపూ అయిదు దగ్గర ఆగింది, చూపు మళ్ళగానే ఇంకో రెండు నెట్టింది. అయిదు చేసి ఆపేస్తే ఎవరికో పొట్లం కట్టి ఖాళీ చేత్తో పంపించినట్టు ఆమెకు మనసొప్పదు. ఎవరికి ఇస్తున్నట్టు అని హ్వాజా ఒకసారి అడిగింది. నా కాళ్ళకే అంది మాల్సున్. రోజులు గడిచేకొద్దీ ఆ రెండు కాస్తా మూడయ్యాయి, నాలుగయ్యాయి. బోర్డు మీద మాత్రం ఆమె అయిదు అనే చెప్పేది, మాస్టారు అయిదు అనే రాసేవాడు.

అవతలి మిషను మీద హ్వాజా శాస్త్రానికి ఇంకో రకం సేవ చేస్తోంది. బాంగ్ సార్‌కు ఫోన్ చూసుకునే అలవాటుంది. అతను చూస్తున్నప్పుడు ఒకటి, రెండు, మూడు అనేది. తల దించగానే ఆరు, తొమ్మిది, పన్నెండు అయ్యేవి. అంకెల్ని కూడా కాస్త ఎత్తునుంచి జారవిడిచేది. ఇరవై అని గట్టిగా అరిచి కాళ్ళు దించేసరికి అసలు చేసింది పదమూడుకు మించదు. ఈ అమ్మగారు ఇంత త్వరగా ముగిస్తున్నారంటే బరువు చాలడం లేదన్నమాట అని బాంగ్ సార్ వారం వారం బరువు పెంచాడు. నలభై కిలోలతో మొదలైనది ఆగస్టు చివరికి డెబ్బై అయింది. తన తెలివి తన కాళ్ళకే చుట్టుకుంటోందని హ్వాజాకు తెలుసు గానీ, ఆ మాట ఎవరికి చెప్పుకుంటుంది? డెబ్బై కిలోల కింద ఆమె మొహం ఎండు నెత్తల్లా ముడుచుకుపోయేది. పన్నెండు దగ్గర కాళ్ళు మొరాయించేవి. ఇరవై అని అరిచేది.

మాస్టారు మాత్రం మాల్సున్‌కు బరువు పెంచుదామని చూసినప్పుడల్లా వెనక్కి తగ్గాడు. అయిదుకే ఈవిడ ఇంతలా వగరుస్తోందేమిటా అని ఆయన అనుమానం. అందుకని ఎనభై దగ్గరే ఉంచాడు.

దెగు ఎండలు ఎలాగుంటాయో చెప్పనక్కర్లేదు. ఆవిరి కుండల పక్కన పొద్దంతా నిలబడి, సాయంత్రం మూడంతస్తులెక్కి, మాల్సున్ ఒక్కరోజూ మానలేదు. బియ్యం బస్తాను కూతురు వచ్చేలోపు తానే పక్కకు జరిపేస్తోంది. మెట్ల మధ్యలో ఆగడం పోయింది. అయినా చెంచా పోతుందేమోనన్న బెంగ మాత్రం పోలేదు. పిండి పొంగు, బెల్లం పాకం, నువ్వుల కమ్మదనం, అవన్నీ నాలికతో కాకపోతే దేంతో తెలుస్తాయి? ఛోల్‌గు పోయాక ఆమెను నిలబెట్టింది ఆ కొట్టే. ఇంట్లో కూర్చోవడమంటే ఆ ఎడమ బూటుకు ఎదురుగా కూర్చోవడం.

పండగకు తొమ్మిది రోజులుందనగా ఫలితాలు వచ్చాయి. ఆస్పత్రి నుంచి ఇద్దరూ కవర్లు విప్పకుండానే తెచ్చారు, ఎందుకంటే జిమ్ములో అందరి ముందూ విప్పాలని రెండు జట్లవాళ్ళూ పట్టుబట్టారు. సొల్‌హీ కూడా వచ్చింది. గుమ్మం పక్కన చేతులు కట్టుకుని నిలబడింది.

హ్వాజాది ముందు విప్పారు. ఆరు పాయింటు నాలుగు. నెత్తళ్ళ కొట్లవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. తర్వాత మాల్సున్‌ది బాంగ్ సార్ పైకి చదివాడు. ఆరు పాయింటు అయిదు.

లోపు కాదు, సరిగ్గా ఆరున్నర. మాల్సున్ కాగితం తీసుకుని దూరం పెట్టి చూసింది, దగ్గర పెట్టి చూసింది. అంకె మారలేదు. జీవితంలో మొదటిసారి ఎవరో ఆమెకు కచ్చితంగా తూచి ఇచ్చారు.

బాంగ్ సార్ ఇరవై గెలిచిందన్నాడు. ఎలా గెలిచింది, ఇద్దరికీ తగ్గింది పాయింటు ఏడే కదా అని మాస్టారు లేచాడు. వాళ్ళ గోల మధ్యలో మాల్సున్ ఎవరి వైపూ చూడకుండా నెమ్మదిగా అడిగింది.

"హ్వాజక్కా, నిజం చెప్పు. రోజూ ఇరవయ్యే చేశావా?"

"నువ్వు అయిదే చేశావేంటి?"

మాస్టారు ఆ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. సరే, రోజూ ఎలా చేస్తున్నారో అలాగే మా కళ్ళముందు చెయ్యండి అన్నాడు. లెక్కపెట్టడానికి ఏ జట్టులోనూ లేని మనిషి కావాలి. పదేళ్ళు తూకాలు సరిచూసిన సొల్‌హీకంటే నమ్మకమైన మనిషి ఎవరున్నారు? నొక్కితే అంకె మారే చిన్న మీటను ఆమె చేతిలో పెట్టారు.

ముందు హ్వాజా. డెబ్బై కిలోలు. ఇంతమంది చూస్తున్నా అలవాటు ఎక్కడికి పోతుంది? ఏడు తర్వాత పది వచ్చింది, పది తర్వాత పద్నాలుగు. ఇరవై అని ఆమె కాళ్ళు దించేసరికి సొల్‌హీ చేతిలోని మీట పన్నెండు చూపించింది. బాంగ్ సార్ మొహం చూడలేక ఒకరిద్దరు తల తిప్పుకున్నారు. కాళ్ళు ఇక లేవవు బాబూ, లేస్తే నేనెందుకు ఆపుతాను అని హ్వాజా అతన్నే కోప్పడింది.

తర్వాత మాల్సున్. ఎనభై కిలోలు. ఒకటి నుంచి అయిదు దాకా పైకే లెక్కపెట్టింది. తర్వాత నోరు మూసుకుంది. ఆరు. ఏడు. మోకాళ్ళు వణకడం మొదలైంది. ఎనిమిది దగ్గర కళ్ళు గట్టిగా మూసుకుంది. ఎవరూ అడగలేదు. బేరం ఓడిపోయింది, అందరికీ తెలుసు, ఇప్పుడింకొకటి నెడితే ఒరిగేది కూడా లేదు. అయినా ఆ ముసలికాళ్ళు ఇంకొక్కసారి, చాలాసేపు తీసుకుని, ఆ బరువును పైదాకా నెట్టి తెచ్చాయి. సొల్‌హీ బొటనవేలు మీట మీద కాసేపు ఆగి, అప్పుడు నొక్కింది.

"ఎన్నమ్మా?" అన్నాడు మాస్టారు.

"తొమ్మిది."

"అయిదు," అంది మాల్సున్ వగరుస్తూ.

ఎనభై కిలోలు తొమ్మిదిసార్లు, డెబ్బై కిలోలు పన్నెండుసార్లు. ఒకరు కలుపుకుంటూ, ఒకరు కోసుకుంటూ వచ్చి ఇద్దరూ దాదాపు ఒకేచోట కూర్చున్నారు. మూడు నెలల శాస్త్రం మొత్తం ఇద్దరు బజారు ముసలమ్మల చేతివాటంలో కొట్టుకుపోయింది. మాస్టారు చాలాసేపు తన లేని మెడను రుద్దుకున్నాడు. చివరికి ఆయనే బోర్డు మీది గీత చెరిపేశాడు. అయిదో ఇరవయ్యో తనకిక తెలియదనీ, ఇద్దరూ కాళ్ళు ఇక మావల్ల కాదు అనేదాకా ఆపలేదనీ, కండరానికి వినపడ్డ మాట అదే అయ్యుంటుందనీ అన్నాడు. దాని గురించి తమ పుస్తకాల్లో కూడా ఏదో ఉందని బాంగ్ సార్ ఒప్పుకున్నాడు. నూడుల్సు ఎవరు పెట్టాలన్నది తేలక, ఎవరి డబ్బులతో వాళ్ళే తినేటట్టు తీర్మానించారు. హ్వాజా ఆ తీర్మానాన్ని చివరిదాకా వ్యతిరేకించింది.

మాల్సున్ ఏదీ వినిపించుకోలేదు. నారింజరంగు చొక్కా మార్చుకుని, ఏప్రను కట్టుకుని, కూతురికంటే నాలుగడుగులు ముందు నడుస్తూ కొట్టుకు వచ్చింది. మాట ఇచ్చింది కాబట్టి ఇచ్చింది, అంతే. పిండి బస్తా వెనకనుంచి తూకం మిషనును తానే తీసి, దుమ్ము తుడిచి, బల్లమీద పెట్టి ప్లగ్గు పెట్టింది. కర్రచెంచా దానిమీద ఉంచింది. ఇరవై ఎనిమిది గ్రాములు. ముప్ఫై నాలుగేళ్ళు పట్టుకున్నా దాని బరువు ఎంతో ఆమెకు ఇప్పుడే తెలిసింది. తర్వాత ఏప్రను ముడి విప్పబోయింది. చెమటకు తడిసి బిగుసుకున్న ముడి రాలేదు. ఏడుపొచ్చింది.

సొల్‌హీ తల్లి వెనక్కి వచ్చి నిలబడింది. ముడి విప్పుతుందనుకుంది మాల్సున్. సొల్‌హీ ఆ ముడిని ఇంకాస్త బిగించి కట్టింది. మిషను మీదినుంచి చెంచా తీసి తల్లి చేతిలో పెట్టింది. దగ్గుమందు చెంచా మాత్రం తిరిగి తీసుకోలేదు, రుచికి అదే, కలపడానికి ఇది అని చెప్పింది.

"ఇంకో మూడు నెలలు," అంది. "చలికాలంలో మళ్ళీ పరీక్ష."

"లోపు రాలేదు కదే."

"రాలేదు. ఇది కొసరు."

మాల్సున్ మొహం తుడుచుకుంది. ఆవిరి కుండ కింద పొయ్యి ఇంకా వెలిగించలేదు కాబట్టి ఆవిరి అని చెప్పడానికి కూడా వీల్లేకపోయింది.

"నేనడగలేదు," అంది.

"అడిగుంటే ఇచ్చేదాన్ని కాదు," అంది సొల్‌హీ, పిండి బస్తా విప్పుతూ.